ముప్పై రెండో బెర్తు మీద చిన్నరసాలు

1985 జూన్ నెలాఖరు. నూజివీడు బస్టాండు ఎదురుగా, సైకిల్ షాపు మీద మేడలో మా ట్రావెల్స్ ఆఫీసు. నేను చెప్పబోయేది అక్కడ మొదలై బంగాళాఖాతం నడిమధ్యలో ముగిసిన ఒక మహాగాథ. ఇందులో అల్లకల్లోలమైన సముద్రం ఉంది. కాగితం మీద సంతకం పెట్టిన ప్రమాణం ఉంది. దాన్ని తప్పిన మగమనిషి, అది పసిగట్టిన ఆడమనిషి, ఇద్దరి మధ్యా నలిగిపోయిన అమాయకుడు ఉన్నారు.

అంత లేదు లెండి. ఒక బుట్ట మామిడికాయలు ఉన్నాయి. సముద్రం మాత్రం నిజమే. ఆ అమాయకుణ్ణి నేనే. అదీ సగమే నిజం.

మా ఆఫీసు మామూలుగా తిరుపతికి, శ్రీశైలానికి బస్సులు వేసేది. ఆ ఏడు మా ప్రొప్రైటరు గారికి ఎవరో రంగుల కాగితం ఒకటి చూపించారు. మద్రాసులో ఓడ ఎక్కితే మూడు రోజులకి పోర్ట్‌బ్లెయిర్, అక్కడ నాలుగు రోజులు, మళ్ళీ మూడు రోజుల ఓడ. వెంటనే బోర్డు మీద ఓడ బొమ్మ వేయించారు. పెయింటరు ఓడని ఎన్నడూ చూడలేదు కాబట్టి అది లారీకి పొగగొట్టం పెట్టినట్టు వచ్చింది. నేనూ చూడలేదు కాబట్టి బాగుందన్నాను. ఆ అర్హతతోనే నన్ను టూర్ ఎస్కార్టుని చేశారు. ఎస్కార్టు అంటే పార్టీతోపాటు వెళ్ళి, ఏది తేడా వచ్చినా అందరూ తిట్టడానికి అందుబాటులో ఉండే ఉద్యోగి.

బుకింగుకి వచ్చినవాళ్ళ దగ్గర ప్రిఫరెన్స్ షీటు నింపించేవాణ్ణి. అంటే ఎవరికి ఏ బెర్తు కావాలి, ఏం తింటారు, ఏం పడదు అనే ఇష్టాయిష్టాల కాగితం. మనిషి గురించి జాతకం చెప్పలేనివి అది చెబుతుంది. విస్సన్నపేట నుంచి వచ్చిన రూతు టీచరు గారు ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరయ్యారు. పై బెర్తు కావాలన్నారు. ఆదివారం పొద్దున గంటసేపు ప్రార్థనకి ఎవరూ కదిలించకూడదన్నారు. "సముద్రం పడుతుందా అండీ?" అని అడిగితే, "పటం మీద బాగానే పడింది" అన్నారు.

ఆ తర్వాత ఆగిరిపల్లి నుంచి రాఘవయ్య గారు, రత్తమ్మ గారు వచ్చారు. ఆయన తోటలు గుత్తకి తీసుకునే మనిషి. పూత దశలోనే చెట్లని చూసి కాపు అంచనా కట్టి, తోట మొత్తం ఆ ఏటికి పట్టేస్తారు. అక్కణ్ణించి మందు కొట్టించడం, కాపలా, కోత, గ్రేడింగు, లోడింగు. ఊరికి ఎండాకాలం సెలవులైతే ఆయనకి చెట్ల కింద మంచం.

"ఓడకి ఇది సీజను కాదండీ," అన్నాను నిజాయితీగా. "జూలైలో రుతుపవనం. సముద్రం రఫ్‌గా ఉంటుంది. జనవరిలో అయితే తటాకంలా ఉంటుందట."

"జనవరిలో మాకు పూత," అన్నారాయన. "సముద్రానికి ఖాళీ ఉన్నప్పుడు మాకు ఉండదు. మాకు ఖాళీ ఉన్నప్పుడే ఊగనీ."

బెర్తు ఎక్కడ కావాలో ఆయనకి స్పష్టంగా తెలుసు. "చాట్రాయి బస్సులో వెనక సీటు ఎక్కినవాడి నడుం నడుం కాదు. ముందు సీటూ అంతే. మాకు నడుమన కావాలి. కింది అంతస్తులో. అక్కడ కుదుపు తక్కువ." ఓడ చూడకుండానే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైనదని తర్వాత ఓడలోని పర్సరు చెప్పాడు. పర్సరు అంటే ప్రయాణికుల మంచిచెడ్డలు చూసే ఆఫీసరు. ఓడ మధ్యలో ఇంకేం ఉంటుందో మాత్రం మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

షీటులో చివర 'ప్రత్యేక కోరికలు' అని ఒక గడి ఉంటుంది. సాధారణంగా అందులో 'ఉల్లి వద్దు' అని రాసేవారు. రత్తమ్మ గారు ఆ గడి మీద వేలు పెట్టారు.

"ఇక్కడ రాసుకో బాబూ. ఈ పది రోజులూ ఈయన మామిడికాయ జోలికి పోకూడదు. మాట ఎత్తకూడదు, కాయ ముట్టకూడదు, బేరం చెయ్యకూడదు."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ముప్పై ఏళ్ళయింది బాబూ ఈయన్ని చేసుకుని. పెళ్ళయిన మూడో రోజునే కోతకి వెళ్ళారు. ఈయన నాతో కూచుని అన్నం తింటూ ఉంటారు, కళ్ళు మాత్రం మబ్బుకేసి. ఎక్కడికైనా వెళ్దామంటే దారిపొడుగునా చెట్లు లెక్కపెడతారు. అందుకే చెట్లే లేని చోటు కావాలన్నాను. సముద్రం అయితే ఉండవుగా?"

"ఉండవండీ," అన్నాను. నా ఉద్యోగ జీవితంలో పూచీ పడి చెప్పిన మొదటి మాట అది.

"తోటకి కాగితం రాసుకుంటారుగా. దీనికీ సంతకం పెట్టండి," అంది ఆవిడ భర్తతో. రాఘవయ్య గారు గుత్త కాగితం మీద పెట్టినంత శ్రద్ధగా సంతకం పెట్టారు. ఆవిడ కూడా మాట మీద నిలబడే మనిషి. ఓడలో పెరుగన్నంలోకి జాడీ తెచ్చుకుంటే అందులో ఉన్నది నిమ్మకాయ. ఆగిరిపల్లి మనిషి జూన్‌లో నిమ్మకాయ ఊరగాయ పట్టుకుని బయల్దేరిందంటే అది ఆషామాషీ సంగతి కాదు.

బయల్దేరే రోజు పొద్దున రాఘవయ్య గారు ఒక్కరే ఆఫీసుకి వచ్చారు. చేతిలో ఒక బుట్ట, నిండా వరిగడ్డి పెట్టి పైన గోనె కుట్టింది.

"ప్రసాదూ, ఇది నీ సామాను."

"నాదా అండీ?"

"ఆఖరి కోత చిన్నరసాలు. పచ్చివే. పోర్ట్‌బ్లెయిర్‌లో మనవైపు వ్యాపారి ఒకాయన శాంపిలు అడిగాడు. ఆరు రోజులకి మాగేట్టు కట్టాను. అక్కడికి గట్టికాయ చేరిందంటే వచ్చే ఏడు లోడే. మీ పిన్నిగారికి తెలిస్తే ఓడ దిగిపోద్ది."

"సముద్రంలో ఎలా దిగుతారండీ?"

"నువ్వు ఆవిణ్ణి ఎరగవు."

నేను వద్దనాల్సింది. కానీ అప్పటికే ఆయన నన్ను 'మా ప్రసాదు' అని రెండుసార్లు అన్నారు. నా వెల అంతకంటే ఎక్కువేం కాదు.

మద్రాసు హార్బరులో ఓడ ఎక్కాం. మా పద్దెనిమిది మందికి ఆయన కోరినట్టే కింది అంతస్తులో, సరిగ్గా నడుమన, ఆరేసి బెర్తుల క్యాబిన్లు మూడు. నాది ముప్పై రెండో నంబరు, కింది బెర్తు. బుట్ట దాని కిందికి పట్టలేదు. అడ్డంగా తోశాను, నిలువుగా తోశాను, ఒక క్షణం బతిమాలాను కూడా. చివరికి బెర్తు మీదే గోడవారగా పెట్టి దుప్పటి కప్పాను. మిగిలిన జానెడు స్థలం నాది. గోడ మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది. గోడకి అవతల ఇంజను గది.

ఓడ కదలకముందే మస్టర్ డ్రిల్ పెట్టారు. అంటే ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో సాధన చేయించడం. అందరం ఆరెంజి రంగు జాకెట్లు తొడుక్కుని డెక్కు మీద, అంటే పైకప్పు మీద, వరసగా నిలబడ్డాం. గ్రేడింగుకి పోసిన కాయల్లా ఉన్నామని నాకు అనిపించింది. రాఘవయ్య గారికీ అనిపించినట్టుంది, నోరు తెరిచారు. రత్తమ్మ గారు ఆయన వైపు చూశారు. ఆయన నోరు మూసుకున్నారు.

మధ్యాహ్నానికి రోలింగు మొదలైంది, అంటే ఓడ పక్కలకి ఊగడం. సాయంత్రానికి పిచింగు, అంటే ముందుకీ వెనక్కీ ఊగడం. రెండూ కలిస్తే ఏమంటారో అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. రూతు టీచరు గారు పై బెర్తు నుంచి దిగి, డెక్కు మీద బెంచీ మీద పడుకుని, "బంగాళాఖాతం ఇంత ఉందని నేను పిల్లలకి చెప్పలేదు" అన్నారు.

రత్తమ్మ గారికి ఏమీ కాలేదు. ఆవిడ అలవాట్లు ఆవిడవి. స్టీలు గ్లాసుకి తాడు కట్టి బెర్తు కడ్డీకి వేలాడదీసింది. కడుపు ఖాళీగా ఉంచకుండా గంటకోసారి గుప్పెడు మరమరాలు. ఓడ ఎటు వెళ్తోందో అటే ముఖం పెట్టి కూర్చోవడం. "మేకపిల్లని బండి ఎక్కించినా అది ముందుకే చూస్తుంది బాబూ, మనకేం తెలివి తక్కువా?" అంది.

డెక్కు మీద ఆవిడ పక్కన కుర్చీ మాత్రం ఖాళీ. రాఘవయ్య గారు గంటకోసారి నా క్యాబిన్‌కి వచ్చేవారు. "ప్రసాదూ, ఒంట్లో ఎలా ఉంది?" అని నన్ను అడుగుతూ, గోనె అంచున తనే విప్పిన రెండు కుట్ల సందులోంచి మోచేతి దాకా చెయ్యి బుట్టలోకి పోనిచ్చి కాయలు తడిమేవారు. నాకు ఎలా ఉందో ఒక్కసారీ వినలేదు.

"మా ఆయనకి నువ్వంటే ఎంత అభిమానమో," అంది రత్తమ్మ గారు నాతో. సముద్రం వైపే చూస్తూ అంది. నేను క్యాబిన్‌కి వెళ్ళి బుట్ట మీద దుప్పటి ఇంకో మడత వేశాను.

రెండో రోజు పొద్దున ఆయన బుట్టలోంచి చెయ్యి తీసి వాసన చూసుకుని అలాగే నిలబడిపోయారు. "తిరిగాయి ప్రసాదూ, పండుకొచ్చేశాయి. పై వరస మొత్తం తిరిగింది. ఆరు రోజులు కట్టాను... మా పాకలో అయితే..." ఆయన లెక్క తప్పలేదు. ఆ లెక్క ఆగిరిపల్లి పాకలో వేడికి కట్టింది. ఇంజను గది గోడ అందులో లేదు. కుదుపు లేని చోటు ఆయనే కోరుకున్నారు, అదే కాయల్ని మగ్గబెట్టింది.

ఓడలో కోల్డు రూము ఉంటుందని ఎవరో చెబితే పర్సరుని బతిమాలడానికి పరిగెత్తారు. ఆయన అటు వెళ్ళగానే ఇటు గుమ్మంలో రత్తమ్మ గారు.

"లే బాబూ."

"పిన్నిగారూ, ఇది నా సామాను..."

"నీ సామాను చిన్నరసం. మడిచెర్ల తోటలో ఉత్తరం వైపు చెట్లది. నిన్న మధ్యాహ్నం నుంచీ వాసన వస్తోంది. మద్రాసు స్టేషన్‌లో గోనె చూసినప్పుడే తెలుసు, ఆ కుట్టు మా ఆయనది." బుట్టలోంచి ఒకటి తీసి ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కింది. "రేపటికి సగం పోతాయి. పైకి పట్టుకురా."

పట్టుకెళ్ళాను. ఏ పక్షాన ఉన్నావని ఎవరైనా అడిగితే, బుట్ట మోసే పక్షాన.

డెక్కు మీద జనం పచ్చగా పాలిపోయి పడి ఉన్నారు. నిన్నటి నుంచీ వాళ్ళ కడుపులో మెతుకు నిలవలేదు. రత్తమ్మ గారు గోనె మిగతా కుట్టు విప్పింది. ఒక పండు తీసుకుని రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక గిల్లి, సొన రెండు చుక్కలు సముద్రంలోకి కార్చేసి, రూతు టీచరు గారి చేతిలో పెట్టింది. "జుర్రండి టీచరుగారూ. కొంచెం కొంచెం."

టీచరు గారు జుర్రారు. లేచి కూర్చున్నారు. రెండోది అడిగారు.

అంతే. పాలిపోయినవాళ్ళంతా ఒక్కొక్కరే చెయ్యి చాపారు. మా పార్టీ అయిపోయింది, బెంగాలీవాళ్ళు వచ్చారు, తమిళులు వచ్చారు, తలపాగాతో సర్దార్జీ ఒకాయన మనవరాలితో సహా వచ్చాడు. అడుగు వరస వచ్చేసరికి రాఘవయ్య గారు మెట్లెక్కి పైకి వచ్చారు, వెనకాలే తెల్ల యూనిఫారంలో పర్సరు. ఎలా ఒప్పించారో కోల్డు రూములో చోటు సంపాదించారు. తీరా చూస్తే డెక్కు నిండా ఆయన శాంపిలు జుర్రుతున్న జనం.

ఆయన ముఖం చూసి నేను రైలింగు పట్టుకున్నాను. ఓడ ఊగుతున్నందుకు కాదు.

"రత్తమ్మా..." అన్నారు.

"బాగున్నాయంటున్నారండీ," అంది ఆవిడ, పర్సరు చేతిలోనూ ఒకటి పెడుతూ.

"వ్యాపారికి ఇద్దామని..."

"కాగితంలో ఏం రాశారు?"

ఆయన బుట్ట దగ్గరికి నడిచారు.

"ముప్పై ఏళ్ళలో పది రోజులు అడిగాను. అందులోనూ రెండు రోజులు వీడి మంచం దగ్గరే గడిపారు," అంది. గొంతు పెంచలేదు. 'వీడు' అన్నది నన్ను. అభ్యంతరం చెప్పే పరిస్థితిలో లేను.

ఆయన ఖాళీ బుట్టలోకి చూశారు. గడ్డిలో చెయ్యి పెట్టి అలవాటుగా తడిమారు. ఏమీ తగల్లేదు. తర్వాత వెళ్ళి ఆవిడ పక్కన ఖాళీ కుర్చీలో, ఓడ వెళ్తున్న వైపే ముఖం పెట్టి కూర్చున్నారు. చూసుకోవడానికి ఏమీ లేదు. వెళ్ళి తడమడానికి ఏమీ లేదు. నీళ్ళలోంచి రెక్కలున్న చేపలు లేచి గాల్లో కాస్త దూరం ఎగిరి మళ్ళీ మునుగుతుంటే, కాసేపటికి ఆయనే వేలు పెట్టి ఆవిడకి చూపించారు.

మూడో రోజు పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో ఆ వ్యాపారి ఎదురొచ్చాడు. రాఘవయ్య గారు నోరు తెరిచేలోపే రత్తమ్మ గారు అందుకున్నారు. "చిన్నరసం ఓడలో నిలవదండీ. రెండో రోజుకే తిరుగుద్ది, మేం చూశాం. పంపితే మీకూ తంటా, మాకూ తంటా. కలెక్టరు రకం మామిడి పచ్చిది పంపుతాం, అది తట్టుకుంటుంది. ఉత్తరం రాయండి. ఈ వారం రోజులూ మాత్రం ఈయన ఎవరితోనూ మాట్లాడరు." వ్యాపారి రాఘవయ్య గారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఇంత పనిమంతురాలు ఉందని ఆయనకి తెలుసో లేదో గానీ, తెలిసినట్టే ఊపారు.

తిరుగు ప్రయాణంలో ఒక మధ్యాహ్నం నేను వాళ్ళ వెనక బెంచీ మీద కూర్చున్నాను.

"ఏంటండీ, ఏం ఆలోచిస్తున్నారు?" అంది ఆవిడ.

"ఏం లేదు."

"నిజంగా?"

"నిజంగా ఏం లేదే. ఇలా ఉంటుందనుకోలేదు," అన్నారాయన కొంచెం ఆశ్చర్యంగా.  ఆవిడ కుర్చీ చేతికి తాడుతో కట్టుకున్న గ్లాసులో మంచినీళ్ళు పోసి, తాడు విప్పకుండానే అందించింది. తాడు పొట్టిది కావడంతో ఆయన వంగి తాగారు.

ఈ టూరు నాకు ఏం నేర్పిందని మా ప్రొప్రైటరు గారు అడిగారు. దాంపత్యం గురించి, మాట నిలబెట్టుకోవడం గురించి నాలుగు మంచి వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. కానీ అప్పటి నుంచీ ఓడ బుక్ చేసే ప్రతి పార్టీకీ షీటు చివర నేను రాసి ఇచ్చేది ఒక్కటే వాక్యం: కింది బెర్తు కింద ఖాళీ పదకొండు అంగుళాలే, బుట్ట పట్టదు, పెట్టె తెచ్చుకోండి.