మరియమ్మ హోటల్లో రెండు పూటలు

ఏ ఊరెళ్ళినా నేను గుళ్ళూ గోపురాలూ చూడను, హోటళ్ళు చూస్తాను. కూర్మన్నపాలెంలో మరియమ్మ చేపల పులుసు తిని వచ్చిన మా తమ్ముడు నెల రోజులు అదే పాట పాడాడు. ఆ పోరు పడలేక తునిలో తెల్లవారుజామున రైలెక్కి, ఏడుంబావుకి దువ్వాడలో దిగాను. అక్కణ్ణుంచి షేర్ ఆటో, ఇరవై రూపాయలు.

"మరియమ్మ ఓటలా? బేగెల్లండి, ఇడ్లీ అయిపోద్ది," అన్నాడు ఆటోలో పక్కనున్న స్టీలు ప్లాంటు ఉద్యోగి.

హోటలంటే రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. అల్లం చట్నీ ఘాటుకి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎదురుగా ముప్పై ఏళ్ళ మనిషి పూరీలు లాగిస్తున్నాడు.

"మజ్జానం బోయినానికి ఉంతారా బాబూ? పేరు సెప్తేనే బియ్యం పోత్తాను," అంది మరియమ్మ. అక్కడి పద్ధతి అదట. పొద్దున్న పేరు చెప్పినవాళ్ళకే మధ్యాహ్నం ఆకు. నేను చెప్పాను. ఎదుటాయన "అప్పలరాజు" అన్నాడు.

గాజువాక బజారంతా తిరిగి, సిటీ బస్సులో ఒంటిగంటకి వెనక్కొచ్చాను. దిగి చూస్తే షెడ్డు లేదు! రోడ్డు వెడల్పు చేస్తున్నారట. రేకులు కుప్పపడున్నాయి, వెనక గోడొక్కటే మిగిలింది. దాని ముందు పొక్లెయిన్. డ్రైవరు సీట్లో పొద్దుటి అప్పలరాజు!

"ఎల్లుండి దాకా టైమిత్తామన్నారు బాబూ. పద్దెనిమిదేళ్ళ ఓటలు," అంది మరియమ్మ. అన్నం, పులుసు మాత్రం దించుకోనిచ్చారట. పక్క కొట్టు అరుగు మీద ఆకులు పరిచి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది. నా తర్వాత మిషన్ వైపు తిరిగి "అప్పలరాజూ!" అని కేకేసింది.

"నాకొద్దమ్మా," అన్నాడతను తల దించుకుని.

"నీ పేరు మీద బియ్యం పోసీసినాను. ఇప్పుడు నానేటి సేసుకోను? దిగు."

దిగాడు. నా పక్కనే కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు. మరియమ్మ మారు వడ్డించింది, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళూ పోసింది. అతను చెయ్యి తుడుచుకుని, మిషనెక్కి, ఆ గోడ కూల్చేశాడు. ఆవిడ దుమ్ము పడకుండా గిన్నెల మీద మూతలు పెట్టింది.

నాలుగున్నర రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. అప్పలరాజుని తిట్టుకుందామని చూశాను, నోరు రాలేదు. గోడ పడుతున్నప్పుడు నేనేం చేశాను? కనీసం లేచి నిలబడలేదు. దుమ్ము తగ్గాక, "పులుసు ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాను.