అరచేతి కింద వేడి

నలభై ఏళ్ల దేవమణికి కళ్లు కనబడవు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ల్యాబ్‌లో మూల బల్ల దగ్గర కూర్చుని, పిల్లాడి జ్వరం చూసినట్టు తన పాత ల్యాప్‌టాప్‌కి అరచెయ్యి ఆనించి ఉంది. పంజాగుట్టలో ఆమె ఆఫీసులో వచ్చే సోమవారం నుంచి అన్నీ తెలుగు ఫైళ్లే. వాటిని చదివి వినిపించే తెలుగు గొంతు ఇందులో పలకాలంటే, రాసిన కోడ్‌ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే కొత్త కంపైలర్ కావాలి. ఇంత పాత మిషన్‌కి అది రెడీమేడ్‌గా దొరకదు, సోర్స్ కోడ్ నుంచి తనే తయారుచేసుకోవాలి. లేకపోతే ఉద్యోగం ఉండదు. ఇప్పటికి రెండుసార్లు మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోయింది. ఈసారి ఆ మెమరీ కోసమే, తెర మీది ఇంగ్లీషును చెవిలో చదివే గొంతును కూడా ఆపేసింది. ఇక ఆమెకు తెలిసేది చేతి కింది వేడీ, లోపలి ఫ్యాన్ చప్పుడూ మాత్రమే. పక్కన ఎవరైనా గట్టిగా నవ్వితే ఉలిక్కిపడి, మెడ వంచి ఆ చప్పుడు మళ్లీ వెతుక్కుంటుంది.

సాయంత్రం అయిదింటికి ఫ్యాన్ ఆగింది. పని పూర్తయిందో, చచ్చిందో తెలియదు; ఇంకా కొంచెం మిగిలి ఉంటే, గొంతును మళ్లీ తెరిచినా మెమరీ చాలక పోతుంది.

"చలపతిరావు సార్, జర చూడుండ్రి," అని ల్యాబ్ యజమానిని పిలిచింది.

ఆయన వంగి చూశాడు. "ఎర్రర్ అని ఎక్కడా లేదమ్మా."

"కిందిదాంక చదువుండ్రి సార్. మొన్న సుత గట్లనే అనుకున్న."

ఆయన కళ్లజోడు సవరించుకుని, ఒక్కో లైనూ కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. "అయిపోయిందమ్మా. నీ కంపైలర్ తయారైంది."

"మళ్ల మొదటికెల్లి చదువుండ్రి," అంది దేవమణి.

తలుపు దగ్గర తరువాతి బ్యాచ్ నిలబడి ఉంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి లైను నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.