ఆముదం తాగిన కుట్టుమిషను

మా ఊరికి రోడ్డు రాకముందే కంపెనీలు వచ్చాయి. ఎవరూ పిలవలేదు, వచ్చి ఇంటి మనుషుల్లా కూర్చున్నాయి. కిరసనాయిలు డబ్బా ఖాళీ అయితే దానికి కట్టెపిడి బిగించి బావి నీళ్లు మోసేవాళ్లం. టీ కంపెనీ వాళ్లు మైదుకూరు సంతలో ఊరికే టీ పోసి పోసి అలవాటు చేశారు. చివరికి పొద్దున్నే అంబలి తాగే మా నాయనకు కూడా టీ లేకపోతే తలనొప్పి రావడం మొదలైంది. కర్నూలు రాజధాని అయిందని ఊళ్లో పెద్దలు సంబరపడుతున్న రోజులవి. రాజధాని వల్ల మాకేమి ఒరిగిందో నాకు గుర్తు లేదు కానీ, ఆ రోజుల్లోనే మా ఇంటికి కుట్టుమిషను వచ్చింది.

పసితనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా కుడికాలి బలం తీసుకుపోయింది. నడుస్తాను, కాకపోతే నా నడక చప్పుడు విని వస్తున్నది నేనేనని వీధంతా గుర్తుపడుతుంది. నా పెళ్లి మాట ఎత్తడం ఇంట్లో ఎప్పుడో మానేశారు. దాని మీద నాకు పెద్ద బెంగ లేదు. పని లేకపోవడమే నా బెంగ. కలుపు తీయడానికి పిలవరు, శనక్కాయలు పెరకడానికి పిలవరు. ఎక్కడికి పోయినా "నువ్వు కూచోమ్మా" అంటారు. జాలితో అనే ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

కుట్టుమిషన్ల కంపెనీ కడపలో ఆడవాళ్లకు ఊరికే కుట్టు నేర్పుతోందని తెలిసి, పిన్ని ఇంట్లో ఉండి నేర్చుకుంటానని పట్టుబట్టాను. కంపెనీది దానబుద్ధి కాదని నాకు అప్పుడే తెలుసు. నేర్చుకున్నది రేపు మిషను కొనక ఏం చేస్తుంది? అయినా వాళ్ల లెక్క వాళ్లది, నా అవసరం నాది. అక్కడి టీచరమ్మ చర్చి వీధిలో ఉండే పెద్దావిడ. నా కాలు చూసి ఒక్కటే అడిగింది.

"ఎడమకాలు బాగుండాదా?"

"బాగుండాది."

"అయితే కూచో."

అంతకు ముందు నేను విన్న కూచోలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎడమకాలితో పెడలు తొక్కుతూ, కుడికాలిని ఊరికే తోడుగా ఆనించి పెట్టడం నేర్చుకున్నాను. రవికలు, లంగాలు, చొక్కాలు వరసగా చేతికి వచ్చాయి. నా కుట్టు తిన్నగా ఉంటుందని నేనే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే అది నిజం.

మైదుకూరులో కూడా ఇలాంటి బడి పెట్టాలని కంపెనీ అనుకుంది. మా ఊరు మైదుకూరుకు దగ్గరే. టీచరమ్మ నా పేరు చెప్పింది. మద్రాసు నుంచి ఆఫీసరు వచ్చి, జనం ముందు నా చేత కుట్టించి చూసి, నచ్చితే నన్ను ఆ బడికి టీచరుగా పెట్టుకుంటాడట. అంతవరకు సాధన చేసుకోమని ఒక మిషను మా ఇంటికి పంపించారు. ఆ వార్త విని మా మేనత్త "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా" అంది. నేను విననట్టు నటించాను. ఆ ఉద్యోగం దొరక్కపోతే మళ్లీ మా ఇంటి అరుగు మీద "నువ్వు కూచోమ్మా" అనిపించుకుంటూ బతకాలి. అది నాకు చావుతో సమానం.

మా అమ్మకు మిషను అంటే భక్తి. దానికి పసుపు కుంకుమ పెట్టింది. పెడలు మీద కాలు పెట్టేముందు తాకి కళ్లకద్దుకోమంది. వారానికి ఒకసారి కంపెనీ నూనె వేయాలని చెబితే, "నువ్వు కుట్టుకో అమ్మీ, నూనె పని నాది" అంది. నాకూ హాయిగానే ఉంది, సరేనన్నాను.

మొదట్లో మిషను గాలిలా తిరిగింది. కొన్నాళ్లకు కొంచెం బరువనిపించింది. ఎండలకు అలిసిపోయానేమో అనుకున్నాను. ఇంకొన్నాళ్లకు ఒక చొక్కా చెయ్యి కుట్టేసరికి ఎడమ పిక్క పట్టేసేది. లేచి నిలబడితే తొడ వణికేది. భయం అప్పుడు పట్టుకుంది. ఉన్న ఒక్క మంచి కాలూ పోతోందనుకున్నాను. మిషను బరువెక్కిందని ఒకరితో అనడానికి నోరు రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నవ్వుతారు కదా. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు గోడ పట్టుకుని కాలికి బలం వస్తుందేమోనని గుంజీలు తీసేదాన్ని. ఏడుపు వచ్చేది. ఏడిస్తే అమ్మకు తెలుస్తుందని దాన్ని మింగేసేదాన్ని.

ఆఫీసరు వచ్చే ముందు రోజు పొద్దున పెడలు అసలు కదలలేదు. రెండు కాళ్లూ పెట్టి నెట్టినా మొరాయించింది. ఇక దాచలేకపోయాను.

"నా కాలు పోయింది అమ్మా. రేపు రావొద్దని కబురు చేస్తా" అన్నాను.

అమ్మ చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడింది. "యాల పోతాది? నీ కాలికి అలుపు ఉండకూడదనే గదా నేను శుక్రవారం శుక్రవారం ఆముదం పోస్తాండేది."

"ఆముదమా? దేంట్లో పోస్తాండావు?"

"మిషన్లో. ఆ కంపెనీ నూనె నీళ్ల మాదిరి ఉండాది, దాంట్లో ఏం సత్తువ ఉంటాది? బండి ఇరుసుకు ఆముదం పెడితేనే గదా ఎద్దులకు సుళువు. నీ కాలికీ అంతే అనుకున్యా. వాళ్ల నూనె అటక మింద భద్రంగా పెట్టినా."

మిషను తల వెనక్కి వంచి చూశాను. మా ఊరి ఎర్రదుమ్ము, ఇంటి గానుగ ఆముదం కలిసి లోపలంతా బంకగా పట్టుకుని ఉంది. మద్దెల నిజంగానే ఓడు. ఆ క్షణంలో నాకు కోపం రాలేదంటే అబద్ధం. చెడామడా తిట్టాను. తిడుతూనే నవ్వొచ్చింది. నా కాలు పోలేదు. ఇన్నాళ్లూ ఈ జిగటను ఈడ్చుకుంటూ వచ్చిందంటే అది సామాన్యమైన కాలు కాదు. అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఏడ్చింది చాల్లే, కిరసనాయిలు తీసుకురా" అన్నాను.

ఆ పూటంతా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. నేను కిరసనాయిలు పోసి చక్రం తిప్పడం, అమ్మ పాతగుడ్డతో నల్లటి మడ్డి తుడవడం. చివరికి అటక మీది కంపెనీ నూనె దించి, చుక్క చుక్క వేశాను. పెడలు మీద కాలు ఆనించగానే మిషను గలగలమని తిరిగింది. అమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ చక్రం మీద పెట్టాను. రెండుసార్లు తిప్పి చూసి, ఆ చేతిని కళ్లకద్దుకుంది.

మర్నాడు మిషనును బండిలో వేసుకుని మైదుకూరు పోయాం. కంపెనీ అద్దెకు తీసుకున్న గది నిండా ఆడవాళ్లే. ఆఫీసరు తెల్ల ప్యాంటు వేసుకున్న మనిషి. మద్రాసు తెలుగు మాట్లాడుతున్నాడు. నేను రవిక చెయ్యి సగం కుట్టానో లేదో, అతనికి ఒక ఆలోచన వచ్చింది.

"ఏమ్మా, నీ చీర కొంచెం పైకెత్తు. కాలు అందరికీ కనిపించాల. చూడండమ్మా, కుంటి అమ్మాయే తొక్కుతా ఉంటే మా మిషను ఎంత సుళువో!"

అమ్మ తల దించుకుంది. అప్పటిదాకా నా కాలు నన్ను ఆపుతుందని భయపడ్డాను. ఇతనేమో దాన్నే సంతలో సరుకుగా పెడుతున్నాడు. సరేనంటే ఉద్యోగం నాదే, అది నాకు అర్థమైంది. అయినా మిషను ఆపేశాను.

"మీ మిషను సుళువో కాదో చూపాలంటే నా కాలెందుకు సార్? కాలు బాగుండే వాళ్లు శానామంది ఉండారు ఈడ" అని లేచి, ముందు వరుసలో ఉన్న ఒక పెద్ద రైతు ఇంటి ఆవిణ్ణి పిలిచాను. "రాక్కా, నువ్వు తొక్కు."

మూటలెత్తిన దిట్టమైన మనిషి ఆవిడ. కూర్చుని పెడలును ఒక్క తన్ను తన్నింది. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. అందరూ నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది. ఆఫీసరు ముఖం మాడిపోయింది.

"బలంతో పని కాదక్కా. పాదం వదులుగా పెట్టు. చక్రం నీ తట్టు తిరిగినాకనే మడమ దించు" అని ఆవిడ చెయ్యి చక్రం మీద పెట్టించి, నా చెయ్యి దాని మీద వేసి తిప్పాను. రెండుసార్లు తప్పింది. తర్వాత లయ దొరికింది. గుడ్డ మీద వంకరటింకరగా ఒక కుట్టు పడింది. ఆవిడ ఆ గుడ్డ పైకెత్తి వెనకవాళ్లకు చూపించింది. ఆడవాళ్లు ఒకర్నొకరు తోసుకుంటూ ముందుకు వచ్చారు.

ఆఫీసరు ఆ తోపులాట చూసి నా దగ్గరికి వచ్చాడు. నా కాలి వంక చూడలేదు.

"బడి ఎప్పటి నుంచి మొదలుపెడతారు మీరు?" అన్నాడు.

"మొదలుపెట్టినా గదా సార్. కొంచెం పక్కకు జరగండి, వాళ్లకు వెలుతురు పడ్డం లేదు" అని, తర్వాతి ఆవిణ్ణి కూర్చోమన్నాను.