ముక్తినాథ్ దారిలో ముందు సీటు

నాకు సంతకం దాకానే చదువు. నేను చెప్తా ఉంటే మా ఆడబిడ్డ రాస్తా ఉండాది. మన సీతారామపురం, ఉదయగిరి పక్కోళ్ళు ఎవురైనా నేపాలం పోవాలనుకుంటే పనికొస్తాదని చెప్పడం.

మా ఆయన లారీ డ్రైవరు. గోరఖ్‌పూర్ దాకా సరుకు తోలినాడు. ఇంటికొచ్చినప్పుడంతా ఒకటే మాట. "ఆడ మంచుకొండలు చూసినా చెంచమ్మా, మైపాడు కాడ ఉప్పుకుప్పల మాదిరి ఉంటాయి. నిన్ను ముందు సీట్లో కూచోబెట్టుకుని తీసకపోతా" అనేవాడు. తీసకపోకుండానే కామెర్లొచ్చి పోయినాడు.

ఆత్మకూరులో కిరాణా కొట్టు సుబ్బరామయ్య శెట్టి నేపాలంలో ముక్తినాథ్ గుడికి యాత్ర కడతా ఉండాడని తెలిసి పోయి అడిగినా. "శెట్టీ, నాకు బస్సులో ముందు సీటు కావాల. అదొక్కటే." "అట్నే అక్కా, నువ్వడిగితే కాదంటానా" అన్నాడు. డబ్బు చేతికొచ్చేటప్పుడు శెట్టి ఎవుర్నీ కాదనడు.

పొద్దున ఆరుకు ఆత్మకూరు బస్టాండు కాడ చిన్నబస్సు ఎక్కినాము, నెల్లూరు రైలుస్టేషనుకు. అంతా పద్నాలుగు మందిమి. నేను ముందే పోయి డ్రైవరు పక్కన కూచున్నా. శెట్టి వచ్చి చెవిలో చెప్పినాడు. "ఏమనుకోబాక అక్కా. మొగుడు లేనామె బండికి ముందుంటే శకునం బాగుండదంటారు జనం. వెనక పొడుగు సీటుండాది, కాళ్ళు చాపుకోవచ్చు."

జనం అన్నాడుగాని ఆడ అన్నది శెట్టొక్కడే. నేను వెనక్కి పోయినాక ఆయన పెళ్ళాం రత్నమ్మ ఇంత బొట్టు పెట్టుకోని, నీళ్ళచెంబు పట్టుకోని బస్సుకు ఎదురు నడిచొచ్చింది. అప్పుడు కదిలింది బండి. సంగం దాటకముందే టైరు పంచరు. రత్నమ్మ శకునం టైరు దాకా పోయినట్టు లేదు.

రైల్లో రెండు రాత్రులు. పులిహోర మొదటిరోజే తినేయండి, రెండోరోజు వాసనొస్తాది. గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో మూడుగంటలు పోతే సరిహద్దు. ఓటరు కార్డు దగ్గర పెట్టుకోండి. గేటు దాటినాక మీ గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాల. నేపాలమోళ్ళ టైము మనకంటే అంత ముందు.

ఈ పావుగంటతో మాకు పెద్ద తంటా వచ్చింది. ఆ పొద్దు రాహుకాలం మన గడియారం ప్రకారం చూడాలా, వాళ్ళ గడియారం ప్రకారం చూడాలా అని శెట్టికి అనుమానం. చివరికి రెండూ దాటనిచ్చి బయల్దేరదామన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో రాహువుకు పావుగంట ఎక్కువిచ్చి కూచున్నాము.

నేపాలం బస్సు డ్రైవరు పేరు పూర్ణ. గురుంగులంట, కొండజాతోళ్ళు. మావోళ్ళు మాత్రం దేశమంతటికీ ఒకటే పేరయినట్టు "బహదూర్, బహదూర్" అని పిలిచినారు. పాపం, దానికే పలికినాడు. అతను హిందీలో చెప్తే రత్నమ్మ తెలుగులో చెప్పేది. టీవీ సీరియళ్ళు చూసి నేర్చింది హిందీ. దేశం మూడు మెట్లంట. కింద మన మాదిరే వరిమళ్ళు, నడాన గుట్టలు, పైన మంచు. ముందు గుట్టకొక రాజు ఉండేవాడంట. గూర్ఖా రాజొకాయన అందర్నీ కొట్టి ఒకటి చేసినాడంట. ఇంగ్లీషోళ్ళు ఏలలేదంట. ఇప్పుడు రాజులు పోయి ఓట్లొచ్చినాయంట. రోడ్డు చూస్తే తెలిసింది, మా సీతారామపురం రోడ్డుకు అన్నలాగుండాది. వెనక సీట్లో నా నడుముకు ఆ చరిత్రంతా ఎక్కింది.

తిండి పప్పు, అన్నం, ఆవాల ఆకుకూర, రెండుపూటలా. బాగుంటాది. మావోళ్ళు నాలుగు డబ్బాల గోంగూర తెచ్చుకోని, "ఈళ్ళకు వండడం రాదు" అని దాంట్లోనే కలుపుకుతిన్నారు.

దారిలో పొఖరా ఊళ్ళో ఒక రాత్రి, పైన కొండల్లో జొమ్‌సొమ్‌లో ఒక రాత్రి. రోజూ తెల్లారుజామున రత్నమ్మ తలకు పోసుకోని బస్సుకు ఎదురు రావాల. అప్పటిదాకా నేను బస్సు వెనకమాల నిలబడాల. జొమ్‌సొమ్‌లో తెల్లారి చూస్తే రత్నమ్మ లేవలేదు. చలికి జలుబు, గాలి చాలక తలనొప్పి. "నన్ను చంపినా నీళ్ళు పోసుకోను. శకునం కావాలంటే నువ్వే పసుపు పూసుకోని ఎదురు రా" అనింది మొగుడితో. శెట్టి మిగతా ముత్తయిదువులను అడిగినాడు. ముగ్గురికీ అప్పుడే తలనొప్పొచ్చింది, రగ్గులోనుంచే చెప్పినారు.

ఆరయింది. పూర్ణ గది గుమ్మంలో నిలబడి తొందరపెడతా ఉండాడు. పదిదాటితే ఆ లోయలో గాలి లేస్తాదంట, మనిషిని నిలబడనీదంట. అతని చేతిలో తెల్ల పట్టుగుడ్డ. పైకి పోయేముందు బండిలో అందరికంటే పెద్దామె మెళ్ళో ఆ గుడ్డ వేసి, ఆమెచేత స్టీరింగు తాకించి, పక్కన కూచోబెట్టుకోవడం వాళ్ళ ఆచారం. "ఎవురు పెద్ద?" అని అడిగినాడు.

రత్నమ్మ మంచంలోనుంచే నన్ను చూపించింది. శెట్టి అడ్డమొచ్చినాడు. "ఆమె వద్దని చెప్పు. మొగుడు లేడని చెప్పు."

రత్నమ్మ చెప్పింది. పూర్ణ ఏందో అడిగినాడు. రత్నమ్మ దగ్గుతా నవ్వింది. "అక్కా, నీ మొగుణ్ణి నువ్వేమన్నా లోయలోకి తోసినావా అంటా ఉండాడు."

"లేదు, కామెర్లని చెప్పు."

"అయితే ఈమె చేసిన తప్పేందని అడగతా ఉండాడు. మీరు చెప్పండి" అని మొగుడి పక్క చూసింది. శెట్టి గడియారం చూసుకున్నాడు. మన టైమో, వాళ్ళ టైమో నాకు తెలీదు.

తెల్లగుడ్డ మెళ్ళో వేసినాడు పూర్ణ. మన కాడ నాలాంటిదానికి తెల్లగుడ్డ ఎందుకిస్తారో మీకు తెలుసు. ఆడ అది మర్యాద. స్టీరింగు మీద చెయ్యిపెట్టి ముందు సీట్లో కూచున్నా. వెనక పొడుగు సీట్లో రత్నమ్మ పడుకుంది, ఆమె కాళ్ళకాడ శెట్టి కూచున్నాడు.

బండి నల్లటి ఏటి పక్కన పోయింది. సాలగ్రామాలు దొరికేది ఆ ఏట్లోనే. ఒక మలుపు తిరిగినాక అద్దం నిండా కొండ నిలబడింది. ఉదయగిరి కొండ నేను కట్టెలకు చిన్నప్పట్నుంచీ ఎక్కినదాన్ని, కొండంటే నాకు లెక్కలేదు. కానీ దీని తలకాయ కోసం మెడ ఎత్తతానే ఉండాల్సొచ్చింది. మొదట ఎర్రగా ఉండాది. చూస్తా ఉంటే పసుపయింది, నీడ పడినకాడ నీలం. తెలుపు ఆఖర్న వచ్చింది. ఉప్పుకుప్పకూ దానికీ పొంతన లేదు. మా ఆయన దాన్ని చూళ్ళేదని నాకప్పుడు తెలిసింది. గోరఖ్‌పూర్‌లో ఎవురో చెప్పింది తెచ్చి నాకు చెప్పినాడు. కోపం రాలా. ఆయన బదులు కూడా రెండుసార్లు చూసినా.

ముక్తినాథ్‌లో నూటెనిమిది మంచునీళ్ళ ధారలుండాయి. అన్నింటి కిందా పరిగెత్తినాను. బయటికొచ్చి ముక్కుండాదో లేదో తడుముకున్నా. గుళ్ళో దేవుడికి దీపం పెట్టేది ఒక బౌద్ధుల సన్యాసిని. బోడితల, బొట్టు లేదు, మొగుడు లేడు. ఆమె చేతి ప్రసాదం శెట్టి కళ్ళకద్దుకున్నాడు. రత్నమ్మ నన్ను చూసి నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దిగేటప్పుడూ నేనే ముందు. ఒక్క పంచరు లేదు. "మంచుదేశంలో మన శకునాలు పనిచెయ్యవులే" అన్నాడు శెట్టి. సరిహద్దు దాటంగానే గడియారం పావుగంట వెనక్కి పోయింది, నేను వెనక సీటుకు పోయినాను.

ఆత్మకూరులో అందరూ విడిపోయినాక ఉదయగిరి పోయే గవర్నమెంటు బస్సెక్కినా. ముందు సీట్ల మీద రాసిన ఆ ఒక్క మాట నేను కూడబలుక్కుని చదవగలను. స్త్రీలకు అని ఉండాది. మొగుడున్న స్త్రీలకు అని లేదు. మెళ్ళో తెల్లగుడ్డ సర్దుకోని, డ్రైవరు వెనకమాలే కూచున్నా. ఉదయగిరి కొండ అద్దంలో కనపడేదాకా ఎవురూ లెయ్యమనలేదు.