చీవాట్లు తిన్న మా అమ్మ

మా చిన్నప్పుడు ఇంట్లో నేరం రుజువు చేసేవి చీమలు... నవ్వకండి.

పొద్దున లేవగానే మా పెద్దత్త పెరట్లోకి వెళ్ళి, అమ్మ ఒంటికి వెళ్ళిన చోట గొంతుకూర్చుని చూసేది. చీమలు పట్టాయంటే అమ్మ దొంగతనంగా బెల్లం తిన్నట్టు. అదీ ఆవిడ శాస్త్రం.

పెద్దత్త మా నాన్నకు అక్క. మెట్టినింట్లో ఎవరితోనూ పడక మా ఇంట్లో తిష్ఠ వేసింది. అమ్మకేమో చక్కెర జబ్బు. వైద్యుడు తీపి వద్దన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. గణపవరం పక్కన మా ఊళ్ళో గాదెల నిండా వడ్లు పెట్టుకుని అమ్మ చోడి జావ తాగేది... ఒక్క రోజు కూడా తప్పలేదు.

"చూశావట్రా తమ్ముడూ! బారులు తీరాయి. నీ పెళ్ళాం మళ్ళీ బెల్లం కుండలో చెయ్యి పెట్టింది."

"నేను ముట్టుకోలేదండీ వదినగారూ."

"అయితే చీమలకు అబద్ధాలాడే ఖర్మేం పట్టిందే?"

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయేవారు. కాలవ నీళ్ళ దగ్గర తగువొస్తే నలుగురికి ఎదురు నిలబడే మనిషి... అక్కగారి నోటికి మాత్రం పిల్లి.

పెద్దత్త బెల్లం కుండను పెట్టెలో పెట్టి తాళం వేసింది. మర్నాడూ చీమలు వచ్చాయి. బుర్ర ఉన్నవాళ్ళకు అక్కడ అనుమానం రావాలి. ఆవిడకూ వచ్చింది... ఇరుగుపొరుగు వాళ్ళు తెచ్చి పెడుతున్నారని! అంతే, అమ్మతో మాట్లాడే ఆ ఇద్దరు ముగ్గురినీ గడప తొక్కనివ్వలేదు. అమ్మకు నిద్ర పోయింది, మాట పోయింది. చీమలు మాత్రం పెరిగాయి.

అంతలో అమ్మ కాలి చిటికెన వేలికి ముల్లు గుచ్చుకుంది. ఆ పుండు మానలేదు. వేలు నల్లబడుతుంటే అప్పటికి నాన్నకు భయం వేసింది. బండి కట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడ రైలెక్కి ఏలూరు చేరాం.

ఏలూరు డాక్టరుగారు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో అమ్మ మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచారు. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుందట. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, ఆ తరవాత ఇటుక రంగు. అమ్మది ఇటుక రంగు.

"ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలండీ. అక్కడితో ఆగకపోతే పాదం. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచండి," అన్నారు.

నాన్న కాలవ ఒడ్డున ఒక గది తీసుకుని, అమ్మకు సాయంగా నన్ను ఉంచి ఊరికి వెళ్ళారు. ఇంజక్షన్లు మొదలయ్యాయి. తిండి అదే జావ, అదే పొట్లకాయ కూర. గొట్టం పసుపుకు, పసుపు నుంచి పచ్చకు దిగింది. పుండు అంచులు ఎండుతున్నాయి.

అప్పుడు నాన్నతో పాటు పెద్దత్త చూడటానికి వచ్చింది. జబ్బు మనిషిని పలకరించడం ఆవిడ దృష్టిలో ఏమిటంటే...

"తిండియావకు కాలు పోగొట్టుకునేదాన్ని నిన్నే చూశానే! మా తమ్ముడికి చివరికి కుంటి పెళ్ళాన్ని మిగులుస్తావా?"

పొద్దుగూకేదాకా అదే పాట. అమ్మ జావ కూడా తాగకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు గొట్టం మళ్ళీ ఇటుక రంగు!

"నిన్న ఏం తిన్నారమ్మా?" డాక్టరుగారు అడిగారు. అమ్మ తల దించుకుంది. పక్కనున్న నాన్న అమ్మకేసి అనుమానంగా చూశారు... అచ్చం అక్కగారి చూపే. నాకు ఒళ్ళు మండింది.

"చీవాట్లు తిందండీ! పెద్దత్త వచ్చి పెట్టింది."

నాన్న నన్ను కసురుకోబోయారు. డాక్టరుగారు ఆపారు.

"పిల్ల సరిగ్గానే చెప్పిందండీ. భయం, దిగులు, లోపల్లోపల ఉడుకు... ఇవి పట్టుకుంటే ఒంట్లో దాచుకున్న చక్కెరను కాలేయం నెత్తుట్లోకి వదిలేస్తుంది. బయటి నుంచి బెల్లం పలుకు అక్కర్లేదు. నేను ఇంజక్షనిస్తాను. ఆవిడ మనసు కుదుట ఉంచడం మీ వంతు."

నాన్న ఆ గొట్టాన్ని చాలాసేపు చూశారు.

గదికి రాగానే పెద్దత్త ఆత్రంగా ఎదురొచ్చింది. "ఏవన్నాడ్రా డాక్టరు? తిన్నట్టేనా?"

"తిన్నట్టే అక్కా. నువ్వు పెట్టిందే తింది. సర్దుకో... సాయంత్రం రైలుకి నిన్ను మీ అత్తారింట్లో దింపుతాను."

ఆ నోరు మూతపడగా చూడటం నాకు అదే మొదలు.

అమ్మకు వేలు దక్కింది. డాక్టరుగారి మాట మీద ఏలూరులోనే ఉండిపోయాం. పగలంతా ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని నన్ను బళ్ళో వేశారు. మా ఇంట్లో అక్షరం దిద్దిన మొదటి మనిషిని నేనే.

పెద్దత్త మాత్రం ఇప్పటికీ ఊరంతా చెబుతూనే ఉంది, పిల్లకాకి మాట పట్టుకుని వైద్యం చేసిన వెర్రి డాక్టరని. చెప్పనివ్వండి. ఆ తెలివికి మందు ఏ ఊళ్ళోనూ దొరకదు.

ఇది చదువుతున్న మీ ఇళ్ళలోనూ ఈ జబ్బు మనుషులు ఉండే ఉంటారు. వాళ్ళు ఏం తింటున్నారని అందరూ అడుగుతారు... ఏం మాటలు పడుతున్నారని ఎవరైనా అడిగారా? మీ ఇంటి సంగతులూ రాయండి.

మా అమ్మ ఇప్పుడు పెద్దగా నవ్వుతుంది... గట్టిగా, వీధిలోకి వినపడేటట్టు. చిన్నప్పుడు ఆ ఊరి ఇంట్లో ఆ నవ్వు విన్న గుర్తు నాకు ఒక్కటీ లేదు.