మూడో కొలిమి కడ్డీ

పియెద్రా మెసా జాతీయ ప్రయోగశాలలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు రెండు వేలమంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరి కంటా పడనిది, నేల తుడిచే పనిలో చేరిన ఓర్లిండా ఆబేయ్తా కంట పడింది. పడిందని మొత్తుకుంటే వినే నాథుడు లేకపోయాడు.

తొమ్మిదో భవనం వెనక గదిలో ఆరు నిలువు కొలిములున్నాయి. మూడోదాంట్లో బొటనవేలంత లావు ఉక్కు కడ్డీని వేలాడదీసి, కింది కొసకి ఇనప పలకలు కట్టి, ఎర్రటి వేడిలో వదిలేశారు. కరెంటు తయారుచేసే కేంద్రాల్లో ఆవిరి గొట్టాలు ఆ ఉక్కుతోనే చేస్తారు. అంత వేడిలో, అంత బరువుకి ఉక్కయినా సరే వెంట్రుకవాసి చొప్పున సాగుతుంది, సాగి సాగి ఒకనాడు తెగుతుంది. ఎంత సాగిందో పక్కనున్న కొలత ముల్లు చూపిస్తుంది. రెండున్నర లక్షల గంటలు తట్టుకుంటుందని లెక్కలు చెప్పాయి. ఆ లెక్క నిజమో కాదో తేలాలంటే తెగేదాకా కూర్చోవడం తప్ప మరో దారి లేదు. కూర్చున్నది ఓర్లిండా.

ఆ కడ్డీని వేలాడదీసింది డాక్టర్ టెన్నీ. కొలిముల గది తుడుస్తూ తుడుస్తూ ఒకరోజు ఆమె, "డాక్టరుగారూ, ఈ ముల్లు నిన్నున్న చోట లేదండీ" అంది. ఆయన తుడుపుకర్ర లాక్కుని పక్కన పెట్టి, చేతికి కొలతలు రాసే పుస్తకం ఇచ్చాడు. ఆపైన పరీక్షలు రాయించి టెక్నీషియన్ని చేశాడు. ఆనాటినుంచి పద్దెనిమిదిన్నరేళ్లు, రోజూ పొద్దున ఏడింటికి ముల్లు చూడటం, అంకె రాయడం. మంచుకి దారి మూసుకుపోతే మరిది ట్రక్కులో వచ్చింది. కూతురి పెళ్లినాడు తలకి రోలర్లు చుట్టుకునే వచ్చింది. గేటు దగ్గర కాపలావాడు, "పెళ్లి నీ కూతురికా, ఆ కడ్డీకా?" అని ఆటపట్టించాడు. "దానికింకా టైముంది, నీకు పిలుపొస్తుందిలే" అని లోపలికి పోయింది.

టెన్నీ రిటైరై, పోయాడు కూడా. ఇన్నేళ్లూ నెలకి అంగుళంలో వెయ్యో వంతు కదిలిన ముల్లు ఈ జూన్లో రెండు వంతులు కదిలింది. జూలైలో నాలుగు, ఆగస్టులో ఏడు. ఇలా పరుగందుకుంటే తెగే రోజు దగ్గరపడిందన్నమాట. గడిచినవి లక్షా అరవై రెండు వేల గంటలే. లెక్కలు చెప్పిన గడువులో మూడోవంతు ఇంకా మిగిలే ఉంది. ఓర్లిండా ముగ్గురు పెద్దలకి ఉత్తరాలు రాసింది. ఇద్దరు ఉలకలేదు, పలకలేదు. మూడో ఆయన, భవనాల అధికారి టాడ్ హెన్షా, "మీ అంకితభావానికి ధన్యవాదాలు" అని ఒక్క ముక్క రాశాడు.

సెప్టెంబరు మొదటి వారంలో అదే హెన్షా కొలత టేపు పట్టుకుని గదిలోకి దిగాడు. కొత్త యంత్రమేదో వస్తోందట, లోహాన్ని పొరలు పొరలుగా పేర్చేది. దానికి ఈ గది కావాలట.

"శుక్రవారం కొలిములు ఆపేస్తున్నాం, ఓర్లిండా."

"మూడోది ఆపకూడదండీ. అది చివరికొచ్చింది. మహా అయితే రెండు నెలలు."

"చివరికా? రికార్డు చూశాను. పద్దెనిమిదేళ్లుగా ఇందులో ఏమీ జరగలేదు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. జరగకపోవడాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఇక్కడి పని అని ఈ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి! "ఒకసారి చల్లారితే మళ్లీ వెలిగించి లాభం లేదండీ. పద్దెనిమిదేళ్లూ గంగలో కలిసినట్టే."

"రెండు నెలల తర్వాత ఇంకో రెండు నెలలంటారు. మీలాంటివాళ్లని చాలామందిని చూశాను" అని నవ్వి, గోడ కొలుచుకుని వెళ్లిపోయాడు.

ఆ ప్రయోగశాలలో అందరి మెడలోనూ ఒక కార్డు వేలాడుతుంది. అపాయం అనిపిస్తే తుడిచేవాడైనా సరే, ఎవరి పనైనా సరే ఆపించవచ్చని దానిమీద ఉంటుంది. ఏటా దానిమీద పాఠం చెప్పి కేకులు కూడా పంచుతారు. శుక్రవారం ఎలక్ట్రీషియన్లు రాగానే ఓర్లిండా ఆ కార్డు ఎత్తి చూపించి, "పని ఆపండి" అంది. రూలు ప్రకారం ఆపారు. రూలు ప్రకారమే గంటలో మీటింగు పెట్టారు.

"అపాయం ఎవరికి?" అన్నాడు హెన్షా.

"ఈ ఉక్కు గొట్టాల పక్కన నిలబడి పనిచేసేవాళ్లకి. రెండున్నర లక్షల గంటలు తట్టుకుంటాయన్న నమ్మకంతో నడుపుతున్నారు. తట్టుకోవు. ఎప్పుడు తెగుతుందో చెప్పగలిగేది ఆ కడ్డీ ఒక్కటే."

"వాళ్లు మన ఉద్యోగులా? మన కంచె లోపల ఉన్నారా?"

బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చున్నారు. అందులో నలుగురు లోహాల మీదే డాక్టరేట్లు చేసినవాళ్లు. అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఛీ, ఇదా చదువు! మధ్యాహ్నం మూడింటికి కరెంటు తీసేశారు. కొలిమి చల్లారేదాకా ఓర్లిండా అక్కడే నిలబడి, ముల్లు చివరిసారి ఆగిన చోటు రాసుకుంది. ఆమె కొడుకు జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడిన వెల్డరు సిప్రియానో తలుపు దగ్గరికొచ్చి, ఆ వరసతో పిలిచే పిలుపుతోనే, "కొమాద్రె, పద, ఇంటికెళ్దాం" అన్నాడు. ఆమె ఏడుస్తూ నడిచింది. అది దుఃఖం కాదు, వట్టి కోపం.

సోమవారం హెన్షా ఒక కాగితం తెచ్చాడు. 'పరీక్ష పూర్తయినది, కడ్డీ తెగలేదు' అని ఉంది. కింద ఆమె సంతకం కావాలి.

"పూర్తవలేదండీ. మనం ఆపేశాం. 'ఆపేశాం' అని రాయండి, ఇప్పుడే పెడతాను."

"ఫారంలో ఆ గడి లేదు."

"గడి లేకపోతే అబద్ధమాడతామా? టాడ్, నీకు సిగ్గుందా?" మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

అతని మొహం కందగడ్డయింది. "పెన్షనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది మీకు. పై అనుమతి లేకుండా బయటివాళ్లతో ఈ అంకెల గురించి ఒక్క ముక్క మాట్లాడినా ఆ రోజే పంపించేస్తారు, గుర్తుపెట్టుకోండి." సంతకం అతనే గీకేసి, పై ఆఫీసుకి పంపి, చేతులు దులుపుకున్నాడు.

ఓర్లిండాని సామాన్ల గదికి మార్చారు. సిప్రియానో మధ్యాహ్నాలు బీన్సు, పచ్చిమిర్చి చుట్టిన రొట్టెలు పట్టుకొచ్చి, "నోరు కట్టేసుకో కొమాద్రె, పద్నాలుగు నెలలే కదా" అని బతిమాలేవాడు. సరేననేది. నిజంగానే ఊరుకుందామనుకుంది.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఇండియానాలో కరెంటు కేంద్రం నుంచి వేన్ కాస్టెల్ అనే ఇంజనీరు. పాత ఫోన్ల జాబితాలో కొలిముల గది కింద ఆమె పేరే ఉందట.

"శ్రమ ఇస్తున్నాను, మేడమ్. మీ రిపోర్టు చదివాం. పరీక్ష పూర్తయింది, తెగలేదు అని ఉంది కదా! మా గొట్టాలూ అదే ఉక్కు. చాలా ధైర్యమొచ్చింది. ఈ ఏడాది మార్చాల్సినవి, ఇంకో పదేళ్లు వాడుకుందామని నిన్ననే తేల్చాం. ఫైల్లోకి చివరి కొలత ఒక్కటి చెబితే చాలు."

ఎదురుగా రొట్టె నములుతున్న సిప్రియానో వద్దు వద్దని తలూపాడు. ఓర్లిండా సొరుగులోంచి కొలతల పుస్తకం తీసింది.

"మీ గొట్టాలు ఎన్ని గంటలు నడిచాయి బాబూ?"

"లక్షా అరవై ఎనిమిది వేలు."

"ఇప్పుడు వాటి పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎప్పుడూ ముగ్గురుంటారు. ఏం?"

"ముందు వాళ్లని బయటికి పంపించు" అందామె, గొంతు నడవా అంతా వినపడేలా. "ఆ రిపోర్టు అబద్ధం. పరీక్ష పూర్తవలేదు, మావాళ్లే ఆపేశారు. కడ్డీ తెగబోతుండగా ఆపారు. రాసుకో. మే నెల, ఒకటి. జూన్, రెండు. జూలై, నాలుగు. ఆగస్టు, ఏడు."

అవతల పెన్ను చప్పుడు ఆగిపోయింది. "ఒక్క నిమిషం ఉండండి" అని, అతను ఎవరినో పేర్లు పెట్టి కేకలేయడం, ఎవరో పరిగెత్తడం వినిపించాయి. నడవాలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. సిప్రియానో లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఓర్లిండా ఫోను పెట్టలేదు. చాలాసేపటికి ఇంజనీరు ఆయాసపడుతూ ఫోను దగ్గరికి తిరిగొచ్చి, "ముగ్గురూ బయటికొచ్చేశారు. తర్వాత?" అన్నాడు.

"సెప్టెంబరు, ఒక్క వారంలో అయిదు" అని చదివింది. "ఇది చెప్పింది ఓర్లిండా ఆబేయ్తా అని కూడా రాసుకో."