అండమాన్‌లో రెండో రోజు

ఈమధ్యే చనిపోయిన మా నాన్న ముప్పై ఏళ్లు సినిమాల్లో కంటిన్యూటీ చూశారు. ఒక సీను సగం ఈరోజు, మిగతా సగం పది రోజుల తర్వాత తీస్తారు. హీరో చొక్కాకు మొదటిసారి ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయో, గడియారం ఏ చేతికి ఉందో నోటుబుక్కులో రాసుకుని, రెండోసారి కూడా అలాగే ఉండేట్టు చూడటం ఆయన పని. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంట్లో కుర్చీ జానెడు జరిగినా ఆయనకు తెలిసిపోయేది.

తొంభైల మొదట్లో, ఒక వేసవి సెలవుల్లో, పాట షూటింగుకు అండమాన్ వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్లారు. పాట అయిపోయింది. మద్రాసు ఓడకు ఇంకా అయిదు రోజులుంది. పాటలో వాడిన తెరచాప పడవ ఖాళీగా ఉంది. పడవాయన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాడు. నాలుగు రోజులు దీవులు తిప్పి చూపిస్తానన్నాడు.

అమ్మది షేక్‌పేట. ఈ ప్రయాణం కోసం పసుపుపచ్చ నారాయణపేట చీర కొనుక్కుంది. సముద్రం ఒడ్డున ఆ చీరలో ఫోటో దిగి వస్తానని అక్కలకు చెప్పి బయల్దేరింది. పడవలో నలుగుతుందని మొదటిరోజు మాత్రం పాత ఆకుపచ్చ వాయిల్ చీర కట్టింది. పడవ ఎక్కుతుండగా నాన్న ఫోటో తీశారు. మొదటి దీవి చేరేసరికి వాన పట్టుకుంది. దిగుతున్న ఫోటో కుదరలేదు.

మర్నాడు అమ్మ పెట్టె తెరవబోతే నాన్న ఆపారు. ఎక్కేటప్పుడు ఆకుపచ్చ, దిగేటప్పుడు పసుపు అయితే చూసేవాళ్లు ఏమనుకుంటారన్నారు. చూసేవాళ్లు ఎవరని అమ్మ అడిగింది. ఆయన నోటుబుక్కు తెరిచి నిన్నటి పేజీ చూపించారు. మేం నిన్నటి బట్టలే వేసుకున్నాం. రెండో దీవిలో దిగే ఫోటో అయింది. కొబ్బరిబోండాలు తాగే ఫోటోకు మబ్బు పట్టింది. అది మూడో దీవికి వాయిదా పడింది, దానితోపాటు మా బట్టలూ.

రాత్రి ఉతుక్కోవడం, పొద్దున ఆరీ ఆరనివి తొడుక్కోవడం. ఉప్పునీళ్లకు నా చొక్కా అట్టకట్టింది. మొదటిరోజు ఫోటోలో చెల్లి ఎడమ జడ రిబ్బను ఊడిపోయి ఉంది కాబట్టి, రోజూ అమ్మ రెండు రిబ్బన్లు కట్టేది, నాన్న ఒకటి విప్పేవారు.

మూడో రాత్రి పడవాయన ఇంట్లోనే బస. ఆయన మడతపెట్టిన చీర ఒకటి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

“ఏటీ అనుకోకండమ్మా. మా ఇంటిది ఒక్కసారే కట్టింది. మీరుంచుకోండి.” తర్వాత నాన్న వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “పెట్టె గాని నీటిలో పోయిందేటి బాబూ?”

అమ్మ లోపలికెళ్లి పసుపు చీర తెచ్చి ఆయన భార్యకు చూపించింది. ఆవిడ అంచు పట్టుకుని చూసింది. తర్వాత నాన్నను చూసింది.

పొద్దున అమ్మ ఆ పసుపు చీరలోనే బయటికొచ్చింది.

“ఇది కలవదు,” అన్నారు నాన్న.

“కలవకుంటె మానె. మూడొద్దులసంది ఒక్క చీర మీదున్న. బట్టల్లేనోళ్లనుకుంటున్నరు మనల్ని. మీరు తీస్తరా, కెమెరా పడవాయనకు ఇయ్యాల్నా?”

నాన్న నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, పైన ‘రెండో రోజు’ అని రాశారు. కథలో రోజు మారితే బట్టలు మారవచ్చట. అయితే అందరివీ మారాలి. నేనూ చెల్లీ పెట్టె దగ్గరికి పరుగెత్తాం.

“నేనూ మార్చాలేటి బాబూ?” అని పడవాయన అడిగాడు. ఆయన రెండో చొక్కా తడిసి ఉంది. నాన్న తన చొక్కా ఇచ్చారు. అది ఆయన పొట్ట మీద కలవలేదు. గుండీలు పెట్టి లేవు అని నాన్న రాసుకున్నారు.

రోలులో పదకొండు ఫోటోలు మిగిలాయి. నాలుగో దీవిలో పదకొండూ అమ్మకే తీశారు. మొన్న వాటిని వరుసగా పేర్చి చూశాను. ఒకదాంట్లో కొంగు నడుముకు దోపి ఉంది, తర్వాతదాంట్లో తల మీద ఉంది. చెప్పులు ఒకసారి కాళ్లకు, ఒకసారి చేతిలో, ఆ తర్వాత ఎక్కడా లేవు. ఏ రెండూ కలవవు.

నాన్న పాత డైరెక్టరొకరు పరామర్శకు వచ్చి, అవి చూసి, ఇవి మీ నాన్న తీసినవి కావని తేల్చేశారు.

“ఆయనే తీసిండు,” అంది అమ్మ.